ముసుగు వేసుకున్నవాడికి తెలుసు

శ్రోతలకు నమస్కారం.

ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే చాలు, మద్రాసు తెలుగువాళ్ళం ఒక మాట అనేస్తాం: "వీణ్ణి కీల్పాక్‌లో పడెయ్యాలి." హైదరాబాదువాళ్ళు ఎర్రగడ్డ అంటారు, విశాఖవాళ్ళు చినవాల్తేరు అంటారు. ఊరు మారినా మాట అదే. మా కీల్పాక్ మానసిక ఆసుపత్రి 1794లో మొదలైంది, 1871లో ఇప్పుడున్న స్థలానికి వచ్చింది. రెండు వందల ఏళ్ళకు పైగా వైద్యం చేస్తున్న చోటు పేరును మనం తిట్టుగా వాడుకుంటున్నాం. నేను క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. లీగల్ ఎయిడ్ కేసుల పనిమీద ఆ గేటు దాటి చాలాసార్లు లోపలికి వెళ్ళాను. అందుకే ఆ మాట వినపడినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఈరోజు ముసుగు మనుషుల గురించి మాట్లాడతాను. కామిక్స్‌లోను, సినిమాల్లోను వేషం వేసుకుని తిరిగే వీరులు, విలన్‌లు. వాళ్ళలో పిచ్చివాడు ఎవరు, నేరస్థుడు ఎవరు, చట్టం ఏమంటుంది? లాయరుకు ఈ కథలతో పనేమిటని అనుకోవచ్చు. పని ఎలా పడిందో చెబుతాను.

కొన్నేళ్ళ కిందట సెషన్స్ కోర్టు వరండాలో వాయిదా కోసం నిలబడి ఉన్నాం. నా ముద్దాయికి ఇరవై ఆరేళ్ళు. వ్యాసర్‌పాడిలో ఉండే తెలుగు కుటుంబం, తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చి చెబుతున్నాను. ఆ కుర్రాడు సొంత మేనమామను రుబ్బురోలు పొత్రంతో తలమీద కొట్టాడు. ఆయన అక్కడికక్కడే పోయాడు. కుర్రాణ్ణి తీసుకొచ్చిన కానిస్టేబుల్ ఫైలు చూసి, "ఏం మేడమ్, అన్నియన్ కేసా?" అన్నాడు. అన్నియన్ అంటే మన అపరిచితుడు సినిమాకు తమిళ పేరు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. మతిస్థిమితం లేని ముద్దాయి అంటే ఆయనకు తెలిసిన ముఖం ఆ సినిమాలోదే. పక్కనే ఇంకో కేసుకు వచ్చిన లాయరు, "సైకోనా?" అన్నారు. కుర్రాడి తల్లి నా వెనకే నిలబడి ఉంది. ఆమెకు రెండు మాటలూ వినపడ్డాయి.

"మావాడు సైకో కాదు లాయరమ్మా. వాడికి బాగలేదు, అంతే" అంది.

చదువుకున్న మా ఇద్దరికన్నా ఆమె సరిగ్గా చెప్పింది. ఈ "సైకో" అనే మాటలో మనం రెండు వేరువేరు మాటలు కలిపేశాం. ఒకటి సైకోసిస్. అంటే ఉన్నది ఉన్నట్టు కనిపించకుండా పోవడం. లేని గొంతులు వినపడతాయి, లేని కుట్రలు కళ్ళెదుటే జరుగుతున్నట్టు ఉంటాయి. స్కిజోఫ్రీనియాలో జరిగేది ఇదే. రెండోది సైకోపతి. ఇతనికి అంతా స్పష్టంగా కనిపిస్తుంది, చేస్తున్నదేమిటో తెలుసు, ఎదుటివాడికి నొప్పి పుడుతుందని తెలుసు. ఆ నొప్పి ఇతనికి తగలదు, అంతే తేడా. మొదటివాడు రోగి. రెండోవాడు చేసిన పనికి పూర్తిగా జవాబుదారీ. పేపర్ల హెడ్డింగుల్లో మాత్రం ఇద్దరూ సైకోలే. ముసుగు కథలు ఈ కలగలుపును ఇంకా బిగించేశాయి.

చట్టం గీసిన గీత ఎక్కడుందో చూద్దాం. 1843 జనవరి 20న లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను వెనకనుంచి కాల్చాడు. డ్రమ్మండ్ ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ దగ్గర కార్యదర్శి. ఆయన్నే పీల్ అనుకున్నాడు మెక్‌నాటన్. అధికారంలో ఉన్న పార్టీవాళ్ళు తనను ఊరూరా వెంటాడుతున్నారని అతని నమ్మకం. మతిస్థిమితం లేదని జ్యూరీ వదిలేసింది. దేశమంతా గగ్గోలెత్తింది, విక్టోరియా రాణికీ కోపమొచ్చింది. ప్రభువుల సభ జడ్జీలను పిలిచి, ఇంతకీ పిచ్చికి కొలబద్ద ఏమిటో చెప్పమంది. వాళ్ళు చెప్పిన జవాబుల నీడే 1860లో మన శిక్షాస్మృతిలో 84వ సెక్షన్‌గా వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షన్. నంబరు మారింది, సారం మారలేదు. పని చేసే సమయంలో, మతిస్థిమితం లేకపోవడం వల్ల, తాను చేస్తున్నదేమిటో తెలుసుకోలేని మనిషిగాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అని తెలుసుకోలేని మనిషిగాని చేసినది నేరం కాదు.

మొత్తం బరువు "తెలుసుకోవడం" మీద ఉంది. జబ్బు ఉందని డాక్టరు చీటీ రాసిస్తే చాలదు. ఆ జబ్బు ఆ నిమిషంలో ఆ తెలివిని మింగేసిందా అన్నది కోర్టు చూస్తుంది. ఆపుకోలేని కోపం వచ్చింది, చెయ్యి ఆగలేదు అంటే మన చట్టం ఒప్పుకోదు. 1964లో దాహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది: ఆ పనికి ముందు, చేసేటప్పుడు, చేశాక మనిషి ఎలా నడుచుకున్నాడో చూడాలి.

ఇది ఇంగ్లీషువాళ్ళు మనకు తెచ్చిపెట్టిన ఆలోచన అనుకోనక్కర్లేదు. భాగవతంలో అశ్వత్థామను పట్టి తెచ్చినప్పుడు కృష్ణుడు అర్జునుడితో ఎవరెవరిని చంపడం ధర్మం కాదో వరసగా చెబుతాడు. భయపడినవాడు, నిద్రపోతున్నవాడు, శరణన్నవాడు. మతి తప్పినవాడూ ఆ వరసలోనే ఉన్నాడు. నిద్రలో ఉన్న పిల్లల్ని చంపిన అశ్వత్థామ మాత్రం అందులోకి రాడు. చీకటి పడేదాకా కాచుకుని వెళ్ళినవాడతను.

ఇప్పుడు బ్యాట్‌మాన్ కథల్లోని విలన్ జోకర్ దగ్గరికి వద్దాం. బ్యాట్‌మాన్ పేరుతో విడిగా పుస్తకం మొదలైంది 1940లో. ఆ మొదటి సంచికలోనే జోకర్ ఉన్నాడు. రాగానే అతను చేసిన పని, రేడియోలోకి దూరి, ఫలానా పెద్దమనిషి ఈ రాత్రి పన్నెండింటికి చనిపోతాడని ప్రకటించడం. అన్నట్టే ఆయన చనిపోయాడు. ముందురోజే విషం ఎక్కించేశాడన్నమాట. గంట చూసుకుని, మందు మోతాదు లెక్కగట్టుకుని, ఊరంతా వినేలా చెప్పి మరీ చంపినవాడికి తాను చేసేదేమిటో తెలియదని ఏ జడ్జి ముందు చెప్పగలం? రంగు పూసిన ముఖం, ఆ నవ్వు చూసి మనం పిచ్చి అంటున్నాం. చట్టం నవ్వు చూడదు, లెక్క చూస్తుంది.

తొలినాటి కథకులకూ ఈ సందేహం లేదు. 1942లో వచ్చిన ఒక కథలో జోకర్‌ను కరెంటు కుర్చీలో కూర్చోబెట్టి మరణశిక్ష అమలు చేసేస్తారు. అతని ముఠా శవాన్ని తీసుకెళ్ళి మళ్ళీ బతికిస్తుంది. శిక్ష ఒకసారి పడిపోయింది కనుక అదే నేరాలకు రెండోసారి పట్టుకోలేరు, దర్జాగా తిరుగుతాడు. ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష ఉండకూడదనే సూత్రం మన రాజ్యాంగంలో 20వ అధికరణంలోనూ ఉంది. కథకుడు చట్టం చదివే రాశాడు. ఆర్కమ్ అనే పిచ్చాసుపత్రి ఆ కథల్లోకి వచ్చింది 1974లో. జోకర్ పుట్టిన 34 ఏళ్ళకు. అప్పటినుంచి విలన్ అంటే పిచ్చివాడు, పిచ్చివాడంటే విలన్ అన్న ముడి పడిపోయింది. ఆ ముడి మన పేపర్ల దాకా, మన వీధి దాకా వచ్చింది.

నా వృత్తిలో నేను చూసినదాన్నిబట్టి గట్టిగా చెప్పగలిగే మాట ఒకటుంది. ముసుగే పెద్ద సాక్ష్యం. ముఖం ఎందుకు దాచుకుంటారు? తెలిస్తే పట్టుకుంటారని. పట్టుకుంటారని తెలిసినవాడికి అది చట్టవిరుద్ధమనీ తెలుసు. హీరోకైనా అంతే. విరాటపర్వంలో భీముడు వంటవాడి వేషంలో ఉండి, రాత్రిపూట నర్తనశాలలో కీచకుణ్ణి చంపాడు. గంధర్వులు చంపారని ఊరంతా అనుకుంది. బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళ అరణ్యవాసమని భీముడికి తెలుసు గనకే ఆ జాగ్రత్త. కీచకవధ న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. చేసినవాడికి తెలిసి చేశాడన్నది మాత్రం చర్చలేని సంగతి.

మా కుర్రాడి సంగతి చూడండి. పట్టపగలు, తన ఇంటి ముందు, నీళ్ళ లారీ కోసం ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని ఆడవాళ్ళంతా నిలబడి ఉండగా కొట్టాడు. పారిపోలేదు. పొత్రం పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుని, "ఇక భయం లేదు, తాగండి" అన్నాడు. అంతకు మూడు నెలల ముందునుంచే మామ నీళ్ళలో మందు కలుపుతున్నాడని ఇంట్లో చెబుతూనే ఉన్నాడు. ఇంట్లో ఉన్న ప్రతి బిందె దగ్గరా కూర్చుని వాసన చూసేవాడు. పచ్చబిందె మంచిది, ఎర్రబిందె వద్దు అని తల్లికి చెప్పేవాడు. ఆ వీధివాళ్ళు తనకు దండం పెడతారనుకున్నాడు. పోలీసులు చేతులు కట్టేస్తుంటే ఎందుకో అర్థం కాలేదు. రెండేళ్ళ కిందటి ఓపీ చీటీ, ఆపేసిన మాత్రల వివరం తల్లి చీర కొంగులో ముడివేసుకుని దాచింది. దానిమీదే కేసు నిలబడింది.

కానిస్టేబుల్ అడిగిన ఆ సినిమా గురించి కూడా చెప్పాలి, మనందరికీ తెలిసిందే కనుక. 2005లో వచ్చిన అపరిచితుడు. మద్రాసు లాయరే అందులో కథానాయకుడు. ఒక మనిషిలో ముగ్గురు. వాళ్ళలో ఒకడు జుట్టు ముఖం మీదికి వేసుకుని, గరుడపురాణం శిక్షలు అమలు చేస్తూ చంపుతుంటాడు. కోర్టు శిక్ష వేయకుండా చికిత్సకు పంపుతుంది. చాలామంది దీన్నే స్కిజోఫ్రీనియా అనుకుంటారు. తప్పు. స్కిజోఫ్రీనియాలో మనిషి ముగ్గురుగా చీలడు. ఆ బహుళ వ్యక్తిత్వం అనేది వేరే, చాలా అరుదైన స్థితి.

ఆ కేసులో నేను పీపీ, అంటే ప్రభుత్వ లాయరు స్థానంలో ఉంటే ఏం వాదించేదాన్ని? వెబ్‌సైట్ పెట్టి ఫిర్యాదులు తీసుకున్నాడు, మనిషిని ఎంచుకున్నాడు, చోటు చూసుకున్నాడు, గేదెల మందను సిద్ధం చేశాడు. పగటి మనిషికి గుర్తు లేకపోవచ్చు, చంపిన మనిషికి అంతా తెలుసు. బోనులో నిలబడేది ఒకే శరీరం. డిఫెన్స్ లాయరుగా అయితే, పగటి మనిషికి తెలియని పనికి పగటి మనిషిని ఉరి తీస్తారా అని అడుగుతాను. ఇది నిజంగా తేలని ప్రశ్న, నిజాయితీగా చెబుతున్నాను. కాని చివర్లో రైల్లో జరిగే హత్య ఉందే, దానికి ఏ ప్రశ్నా లేదు. నయమైందని బయటికొచ్చి, భార్యకు తెలియకుండా ఒకణ్ణి తోసేస్తాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడన్న సామెత కాదిది. పిచ్చి నిజంగానే కుదిరింది, తెలివితోనే చంపాడు. హత్యకు శిక్ష వేసే అప్పటి సెక్షన్ 302 తప్ప ఇంకేదీ వర్తించదు. హాల్లో ఆ సీన్‌కి చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటాయి. ఎందుకంటే మర్నాడు నిజంగా నయమై ఇంటికొచ్చిన మనిషిని చూసి ఆ వీధి అదే అనుకుంటుంది: పైకి బాగున్నట్టు నటిస్తున్నాడని.

ముసుగు హీరోల సంగతి చట్టంలో చిక్కే. ఎదుటే పెద్ద నేరం జరుగుతుంటే మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు, ఇప్పటి చట్టం ప్రకారం ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పజెప్పాలి. ఆత్మరక్షణకు, పక్కవాడి రక్షణకు అవసరమైనంత బలం వాడొచ్చు. అంతవరకు సరే. దొంగను స్తంభానికి కట్టేసి మాయమైపోతే కేసు ఎలా నిలుస్తుంది? చూసిన సాక్షి పేరు చెప్పి, ప్రమాణం చేసి, క్రాస్ ఎగ్జామినేషన్‌కి నిలబడాలి. ముసుగుకు ప్రమాణం చేయించలేం. బ్యాట్‌మాన్ పట్టిచ్చినవాళ్ళు మన కోర్టుల్లో సగం మంది సాక్ష్యం లేక బయటికొచ్చేస్తారు.

ఇంకొకటి నాకు ఇష్టమైన సంగతి. స్కేర్‌క్రో అనే విలన్ భయం పుట్టించే గ్యాస్ వదులుతాడు. పీల్చినవాళ్ళు పక్కవాణ్ణి రాక్షసుడనుకుని మీద పడతారు. వాళ్ళ మీద కేసు పెట్టొచ్చా? తనకు తెలియకుండాగాని, ఇష్టానికి విరుద్ధంగాగాని ఇచ్చిన మత్తులో ఉండి, చేసేదేమిటో తెలియని మనిషికి మన చట్టం రక్షణ ఇస్తుంది. న్యాయ సంహిత 23వ సెక్షన్. ఆ రోడ్డు మీద పిచ్చెత్తినవాళ్ళంతా నిర్దోషులు, గ్యాస్ వదిలిన స్కేర్‌క్రో దోషి. ఒకే వీధిలో, ఒకే రాత్రి, తెలిసినవాడు తెలియనివాడు ఇంత విడివిడిగా కనిపించే కథ ఇంకొకటి లేదు. మా జూనియర్లకు ఈ రెండు సెక్షన్లు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఇదే చెబుతాను.

పిచ్చి అని తేలితే బయటికి వదిలేస్తారు కదా అని చాలామందికి కోపం. ఆర్కమ్ చూసి వచ్చిన కోపం అది. జోకర్ అక్కడినుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు గోడ దూకుతాడు. అసలు లోకంలో ఏం జరుగుతుందో చెబుతాను. 1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు జరిపిన జాన్ హింక్లీని మరుసటి ఏడు మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషి అన్నారు. ఆ నిర్దోషి ఆసుపత్రి విడిచి వెళ్ళింది 2016లో. మన దగ్గర కూడా కోర్టు, ఈ మనిషి ఈ పని చేశాడు అని స్పష్టంగా రాసి, తర్వాతే నిర్దోషి అంటుంది. ఆ వెంటనే భద్రంగా ఉంచే చోటికి పంపుతుంది, లేదా పూచీ తీసుకుని బంధువులకు అప్పగిస్తుంది.

అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే ఆయన్ని 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో డాక్టర్లు బాగున్నాడని రాసిచ్చారు. ఇంటికి పంపలేదు, జైలుకు పంపారు. విచారణ జరగలేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ పట్టించుకున్నాక 2005లో బయటికొచ్చాడు. అప్పటికి 77 ఏళ్ళు. 54 ఏళ్ళు ఏ కోర్టూ దోషి అనకుండానే గడిచిపోయాయి. సొంత భాష మాట్లాడటం కూడా మర్చిపోయాడు. రెండేళ్ళకే చనిపోయాడు. పిచ్చోడి చేతిలో రాయి అని మనం ఎప్పుడూ రాయి గురించే భయపడ్డాం. ఆ మనిషి చెయ్యి ఎవరి చేతుల్లో చిక్కుకుందో చూడలేదు.

మా కుర్రాడి కేసు ముందుగా విచారణ దాకా రాలేదు. తనమీద ఏం కేసు ఉందో అతనికే అర్థం కావడం లేదు కనుక కోర్టు మొదట కీల్పాక్‌కు పంపింది. నెలకోసారి తల్లితో కలిసి వెళ్ళేదాన్ని. మొదటి నాలుగు నెలలూ అతను నన్ను ఒకటే అడిగేవాడు, "వీధిలో అందరూ నీళ్ళు తాగుతున్నారా మేడమ్?" అని. తాగుతున్నారు అని చెప్పేదాన్ని. సంతోషించేవాడు.

ఐదో నెల నేను వెళ్ళేసరికి తల్లి లోపల చూసి వచ్చేసి, వేపచెట్టు కింద కూర్చుని ఉంది. స్టీలు క్యారియర్ ఒళ్ళో ఉంది, మూత తీయలేదు. మందులు పనిచేస్తున్నాయని డాక్టరుగారు చెప్పారట. గొంతులు వినపడటం లేదట. నేను సంతోషంగా, "మంచిదే కదమ్మా" అన్నాను.

"మామ ఏడీ అని అడిగాడు లాయరమ్మా. నేను చెప్పకముందే వాడికే తెలిసిపోయింది" అంది. "తెలిసినకాడినుంచి అన్నం ముట్టుకోలేదు."

క్యారియర్ తీసుకుని నేను లోపలికి వెళ్ళాను. అతను గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.